రెండు మీద అంటించిన టేపు

బాబా ఖాసీం టీ కప్పును నేను సగమే నింపుతాను. ఏడాదిన్నరగా ఇదే వరస. సగంలో ఎందుకు ఆపుతున్నావని ఆయన ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. వయసులో ఉండగా పిస్తోలు పోటీల్లో పతకాలు తెచ్చిన చెయ్యి అది. ఇప్పుడు నిండు కప్పు పట్టుకుంటే బట్టలన్నీ టీ మరకలే.

నా పేరు లియాఖత్ అలీ. ఆయనకు డ్రైవర్ని. ఉమ్ సలాల్‌లో ఆయన తోట, మదీనత్ ఖలీఫాలో కూతురు యుస్రా ఇల్లు, వెస్ట్ బేలో ఆమె ఆఫీసు. నా బతుకంతా ఈ మూడింటి మధ్య రోడ్డు మీదే. మా ఊళ్ళో వాళ్ళకు మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నాను. ఖతర్ అని పదహారేళ్ళుగా చెబుతున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. డ్రైవర్ కాకముందు బోధన్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేశాను. అది తెలిసిననాటి నుంచి ఈ ఇంట్లో ఎవరి కళ్ళజోడు వదులైనా నా దగ్గరికే వస్తుంది. అందుకే స్కోపు కొనే పని కూడా నా నెత్తిన పడింది.

దక్షిణాఫ్రికాలో బాబా స్నేహితుడికి వేట భూములున్నాయి. వచ్చే నెల రమ్మని పిలిచాడు. వెళ్ళి ఒక జింకను కొడతానన్నాడు బాబా, అదీ పిస్తోలుతో. రైఫిలుతో ఎవడైనా కొడతాడట. చూపు మందగించింది కాబట్టి పిస్తోలు మీద బిగించే దుర్భిణి లాంటి స్కోపు కావాలి. "ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచిది" అని నన్ను పంపించాడు.

దుకాణంలో కామ్రాన్ అని కరీంనగర్ ఆయన ఉన్నాడు. నా మాట విని నవ్వాడు.

"పెద్ద నంబరు ఎందుకు భాయ్? రైఫిలైతే కంటికాడ పెట్టి సూస్తరు. పిస్తోలు చెయ్యి చాపి పట్టాలె. ఎక్కువ పెడితే బొమ్మ దొరకదు, దొరికినా ఆడుతది. రెండింతలు చాలు. ఇది తీసుకో, రెండు నుంచి ఎనిమిది దాకా ఈ రింగు తిప్పుకోవచ్చు. కాని రెండు మీదనే ఉంచుమను."

నేను పట్టి చూశాను. రెండు మీద గోడ గడియారం బుద్ధిగా నిలబడింది. ఎనిమిది మీద దాన్ని వెతుక్కోవడమే కష్టమైంది, దొరికాక స్కోపులో గురి చూసే అడ్డగీత గడియారమంతా తిరిగింది. నా చెయ్యే ఇంత వణుకుతోందా అని నేనే ఆశ్చర్యపోయాను. గోరంతను కొండంత చేయడమే దాని పని. నా వణుకు నిజంగా గోరంతే. బాబాది కాదు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి తీసుకెళ్తుంటే యుస్రా మేడమ్ స్కోపు చేతిలోకి తీసుకుని అంతా అడిగింది. రింగు సంగతీ అడిగింది.

"లియాఖత్, రెండు దగ్గర రింగు తిరగకుండా టేపు వెయ్యి. రెండు మీద బొమ్మ కదలదు కదా. అప్పుడు బాబాకు తెలియదు, తన చెయ్యి..." అక్కడ ఆగిపోయింది. "అమ్మ పోయాక ఆయన నోట ఒక కోరిక వినడం ఇదే మొదటిసారి."

ఆమె కళ్ళు తుడుచుకోవడం అద్దంలో కనిపించింది. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. ఎందుకంటే ఇలాంటి టేపే, ఇంకో రూపంలో, నేను ఇంతకుముందు ఒకసారి వేశాను.

మా అక్క మొగుడు ఖయ్యూమ్ బావ లారీ నడిపేవాడు. చూపు పోతోంది. లైసెన్సు కోసం కంటి పరీక్షకు వెళ్ళాలి. అక్క వచ్చి ఏడ్చింది. నేను మా దుకాణంలో ఆ అక్షరాల బోర్డు ముందు బావను కూర్చోబెట్టి, మూడు రోజుల్లో అన్ని వరసలూ కంఠతా పట్టించాను. తప్పు లేకుండా అప్పజెప్పి పాసయ్యాడు. నాలుగు నెలలకు, తెల్లవారుజామున, సీతాఫలాల గంప ఎత్తుకుని రోడ్డు పక్కన నడుస్తున్న ఒకావిడ ఆయనకు కనిపించలేదు. బావ జైలుకు పోయాడు. బోర్డు సంగతి ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. మరుసటేడే నేను విమానం ఎక్కేశాను.

అయినా టేపు వేశాను. ఉప్పు తిన్న ఇల్లు, కన్నీళ్ళు పెట్టుకున్న కూతురు. నల్ల టేపు, నల్ల స్కోపు, కలిసిపోయింది.

మర్నాడు తోటలో టేపు సంగతి నర్సింలుకు చెప్పుకున్నాను. బాబా పెంచుకునే రీమ్ అనే ఎడారి జింకలకు మేత వేసేది అతనే. ఖానాపూర్ అడవి దిక్కు మనిషి. గడ్డి మోపు దించి నా వైపు చూశాడు.

"దెబ్బ తాకిన జింక ఆడ్నే పడదు భాయ్. ఉరుకుతది. మా దిక్కు ఒకటి కడుపుల గుండు పెట్టుకొని రెండు దినాలు తిరిగింది. ఆఖరికి వాగుకాడికి వచ్చింది నీళ్ళకు. మూతి పెట్టింది గని తాగలేకపోయింది. అట్లనే సచ్చింది. నేను సూసిన." మోపు కట్టు విప్పుతూ అన్నాడు. "ముసలాయన మంచోడు. గీ జింకల్ని పేర్లు పెట్టి పిలుస్తడు. గాయనకు ఎవలన్నా చెప్పరాదు?"

ఎవలన్నా అంటే ఎవరు? వంద మంది ఉన్న ఇంట్లోనైనా ఆ ఎవలన్నా దొరకడు. నా మీద నాకే కోపం వచ్చింది.

శుక్రవారం నమాజు అయ్యాక ఆయన్ని షూటింగ్ రేంజికి తీసుకెళ్ళాను. యాభై మీటర్ల దూరంలో కాగితం మీద అచ్చేసిన జింక. ఆనించుకోవడానికి ఇసుక మూట ఇస్తే వద్దన్నాడు బాబా. చెయ్యి చాపి స్కోపులో చూశాడు. ముఖం వెలిగింది.

"మాషా అల్లా. రాయిలా నిలబడింది."

ఐదు గుండ్లు కాల్చాడు. కాగితం దగ్గరికి తెప్పించుకుని చూశాం. ఒకటి వెనక కాలికి. రెండు కడుపులో. ఒకటి మూతి కింద. ఐదోది కాగితంలోనే లేదు. బాబా చాలాసేపు ఆ చిల్లుల్ని వేలితో తడిమాడు.

"స్కోపు సరిగ్గా బిగించలేదు, లియాఖత్."

అవును బాబా అంటే సరిపోయేది. ఒక్క మాట. మళ్ళీ బిగించినట్టు నటించి ఇంటికి తెచ్చేస్తే ఆయన విమానం ఎక్కుతాడు, యుస్రా నవ్వుతుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. ఎక్కడో ఒక జింక మాత్రం కడుపులో గుండుతో పరుగెత్తుతుంది. నోరు తెరిస్తే ఈ మనిషికి మిగిలిన ఒక్క కోరికను నా చేతులతో తుంచినట్టే.

"బిగింపు బాగానే ఉంది బాబా" అన్నాను. గోటితో టేపు పీకాను. రింగును ఎనిమిది దాకా తిప్పాను. "గుండ్లు లేకుండా ఒక్కసారి చూడండి. ఈసారి మూటమీద ఆనించండి."

రేంజి మనిషి పిస్తోలు ఖాళీ చేసి చూపించాడు. బాబా మూటమీద చెయ్యి ఆనించి చూశాడు. ముందు బొమ్మ దొరకలేదు. తల అటూ ఇటూ జరిపాడు. దొరికింది. అడ్డగీత జింక భుజం మీది నుంచి కడుపు మీదికి, అక్కడి నుంచి తొడ మీదికి, ఆ పైన ఏమీ లేని చోటికి పోతోందని నాకు చూడకుండానే తెలుసు.

"ఇది నా చెయ్యేనా?"

"మీదే బాబా. రెండు మీద ఉన్నప్పుడూ ఇదే చెయ్యి. కనిపించలేదంతే."

పిస్తోలు బల్లమీద పెట్టాడు. నా వేలికి అంటుకుని ఉన్న టేపు ముక్కను చూశాడు. అది ఎవరు వేయించారని అడగలేదు. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"నువ్వు కళ్ళద్దాలవాడివి కదా. చేతులకు అద్దాలు లేవా, లియాఖత్?"

"లేవు బాబా."

నాకు ఏడుపు వచ్చేసింది. సిగ్గుపడలేదు. బావ సంగతి, బోర్డు సంగతి, సీతాఫలాల గంప సంగతి, ఇన్నేళ్ళుగా అక్కతో కూడా మాట్లాడనివన్నీ నా వంకర అరబ్బీలో ఆయన ముందు పోశాను. ఆయన అంతా విన్నాడు.

"ఆమె పేరేమిటి?"

ఆ పేరు నేను ఏనాడూ పైకి అనలేదు. "గంగామణి."

బాబా ఆ పేరును రెండుసార్లు మెల్లగా పలికి, ఆమె కోసం కళ్ళు మూసుకుని దువా చేశాడు. తర్వాత లేచాడు. "యల్లా, పద."

సాయంత్రం తోటలో యుస్రా ఎదురుచూస్తోంది. బల్లమీద ఉన్న స్కోపుకు టేపు లేకపోవడం చూసి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. బాబా కుర్చీలో కూర్చుని, ఎప్పుడూ అంగీ జేబుల్లో దాచుకునే రెండు చేతులూ కూతురి ముందు బల్లమీద పెట్టాడు. అవి వణుకుతూనే ఉన్నాయి.

"ఆఫ్రికా లేదు" అన్నాడు. నేను టీ తెచ్చి, అలవాటు ప్రకారం సగందాకా పోసి ఆపాను.

"నిండా పొయ్యి, లియాఖత్."

పోశాను. రెండు చేతులతో ఎత్తాడు. టీ ఆయన వేళ్ళ మీదికి, తెల్లటి అంగీ మీదికి కారింది. యుస్రా చేతిరుమాలు తీయబోయి ఆగిపోయింది. బాబా కప్పు దించకుండా చివరిదాకా తాగాడు.