తెల్లగా మిగిలిన తొడుగు

ఆసుపత్రిలో ఆ గది తలుపు మీద ఆక్యుపేషనల్ థెరపీ అని రాసి ఉంటుంది. అంత పేరు నోరు తిరగక గువ్వ తల్లి ఆ లోపలి ఆవిడని చేతుల మేడం అనేది.

ఐదేళ్ల గువ్వకి పుట్టుకతోనే కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. బాగున్న ఎడమచేతికి మందపాటి తొడుగు వేసి, రోజూ కాసేపు కుడిచేత్తోనే తినమని, ఆడమని మేడం చెప్పింది. లేకపోతే ఆ చెయ్యొకటుందన్న సంగతే పిల్ల మరిచిపోతుందంది.

ఇంట్లో తొడుగు వేస్తే చాలు, గువ్వ గుక్కపట్టి ఏడ్చేది.

"పసిదాని చెయ్యి కట్టేసే వైద్యమేమిటే? మీ మేడాన్నే కట్టుకోమను," అనేది నాయనమ్మ.

తల్లికి ప్రాణం ఉసూరుమనేది. తొడుగు ఊడదీసి, అన్నం తనే నోట్లో పెట్టేసేది. ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం గబగబా మళ్లీ తొడిగేది.

ఆ రోజు మేడం తొడుగు విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"రోజూ వేస్తున్నావా తల్లీ?"

"వేస్తున్నానండీ."

"మిగతా పిల్లల తొడుగులు ఎంత ఉతికినా మరకలు పోవు. ఇదేమో కొత్తపెళ్లికూతురిలా ఉంది."

తల్లి తలెత్తలేదు. "ఏడుస్తోందండీ. చూడలేకపోతున్నా."

మేడం గువ్వ కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, పిడికిట్లో ముడుచుకున్న బొటనవేలు మెల్లగా బయటికి తీయబోయింది. కిందటిసారి వచ్చినంత కూడా రాలేదు.

"బిగుసుకుపోతోందమ్మా. మళ్లీ మొదటికొచ్చాం. ఇక ఎంతవరకు వస్తుందో మాటివ్వలేను." తొడుగు తల్లి చేతికిస్తూ అంది, "తొడుగు దీనిక్కాదు, ముందు నీ చేతులకి వేయాలి."

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది తల్లికి.

ఇంటికొచ్చి అరటిపండు ముక్కలు కోసి గువ్వ ముందు పెట్టింది. తొడుగు వేసింది. నాయనమ్మ నోరు తెరవబోతే, "మీరు కాసేపు బయట కూర్చోండి అత్తయ్యా," అంది. ఆవిడ విస్తుపోయి లేచి వెళ్లింది.

గువ్వ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. వంకర వేళ్లతో ముక్కని పట్టబోతే జారి ఒళ్లో పడింది. తల్లి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, పెట్టవా?"

"నువ్వే తినాలమ్మా."

"నా మీద కోపమొచ్చిందా?"

"లేదు బంగారం."

"మరెందుకు పెట్టవు?"

గువ్వ తల్లిని కాసేపు చూసి, ఇక అడగడం మానేసింది. తొడుగు చేత్తో పళ్లెం దగ్గరికి లాక్కుని, కుడిచేత్తో ఇంకో ముక్క కోసం తడిమింది. తెల్లటి తొడుగుకి పండు గుజ్జు అంటుకుంది. తొడల కింద తల్లి చేతులు తిమ్మిరెక్కాయి. ఆమె వాటిని బయటికి తీయలేదు.