కామాక్షి చూసిన పెళ్లిచూపులు

ఆత్మకూరులో బట్టల అంగడి వరదయ్య కూతురు కామాక్షికి పదేళ్లు. కన్నతల్లి ముఖం గుర్తులేదు గానీ, విశాలమ్మ ముఖం మాత్రం కళ్లకు కట్టినట్టు తెలుసు. విశాలమ్మ ఎవరంటారా? అటకమీద దొరికిన పాత నవలలో మనిషి, తల్లిలేని పిల్లను పెంచే మేనత్త. హంసలా నడుస్తుంది, వీణ వాయిస్తుంది, గొంతు పెంచి ఎరుగదు. ఆ నవల కామాక్షి పదకొండుసార్లు చదివింది. తలంటుతుంటే కళ్లలో కుంకుడు రసం పడ్డా "విశాలమ్మా!" అనే అరిచేది.

అలాంటిది, వరదయ్య మళ్లీ పెళ్లికి ఒప్పుకున్నాడు. పిల్లది ఉదయగిరి.

"నేనొచ్చి చూసి, సరేనంటేనే!" అని తేల్చేసింది కామాక్షి.

"అట్నేలేమ్మా," అన్నాడు వరదయ్య.

"పెళ్లిపెద్ద బయల్దేరిందమ్మా!" అని అవ్వ పద్మావతమ్మ మూతి ముడిచింది.

బొగ్గుతో నడిచే బస్సు దగ్గుకుంటూ, ఆగుకుంటూ ఉదయగిరి చేరేసరికి అందరి ముఖాలూ మసిబారాయి. కామాక్షి ఒళ్లో నవల భద్రంగా ఉంది. తనకు కావలసిన అమ్మ ఎలా ఉండాలో అందులోనే ఉంది మరి!

పెళ్లికూతురు రామలక్ష్మి వచ్చి చాపమీద కూర్చోగానే కామాక్షి పరీక్ష మొదలుపెట్టింది.

"వీణ వచ్చా?"

"రాదు."

"నాకు జ్వరమొస్తే ఏడు రాత్రుళ్లు మేలుకుంటావా?"

"రెండు మేలుకుంటానేమో. మూడోరోజు నిద్రొచ్చేస్తాది," అంది రామలక్ష్మి, నవ్వాపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుని.

కామాక్షి ఉసూరుమంది. ఈమె విశాలమ్మ కాలిగోటికి కూడా చాలదు!

అంతలో పక్కింటి మేక వసారాలోకి దూరి, కామాక్షి చాపమీద పెట్టిన నవలను నోట కరుచుకుని వీధిలోకి దౌడు తీసింది.

"అయ్యో, నా విశాలమ్మ!" అని కామాక్షి బావురుమంది.

మగపెళ్లివారు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా రామలక్ష్మి చివాలున లేచి, పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపింది. "ఒసే దొంగమొహమా, నిలబడే!" అని కొండ మీదికి వినబడేలా కేకపెట్టి, వీధినపడి ఒకటే పరుగు! మలుపులో మేక కొమ్ములు దొరకబుచ్చుకుంది. జడ ఊడి, పూలు రాలి, మోకాలు గీరుకుపోయి, వగరుస్తూ తిరిగొచ్చింది.

"నాలుగు పేజీలు మింగేసిందే తల్లీ. మిగతాది దక్కింది," అంది.

పద్మావతమ్మ లేచి నిలబడింది. "పదరా వరదయ్యా! పెళ్లిచూపులనాడే వీధులెంబడి పరిగెత్తే పిల్ల మనకొద్దు."

వరదయ్య కూతురి వంక చూశాడు. కామాక్షి తన చేతికిచ్చిన పుస్తకం వంకైనా చూడలేదు. రామలక్ష్మి చీరమీద, మోకాలి దగ్గర అంటిన నెత్తురు మరకనే చూస్తూ ఉంది.

"ఏమే, నీ విశాలమ్మ ఎప్పుడన్నా ఇట్టా పరిగెత్తిందా?" అని దెప్పింది అవ్వ.

"లేదవ్వా. విశాలమ్మ నాకోసం ఎప్పుడూ పరిగెత్తలా," అంది కామాక్షి. పోయి రామలక్ష్మి ఒళ్లో కూర్చుంది.