కొంగ రెండో కాలు

పెయింటరు పొద్దున్నే షట్టరు ఎత్తి, ముందురోజు రంగు వేసిన ఫ్రేములని ఒక్కొక్కటే గోటితో తాకి చూసేవాడు. గోటికి అంటకపోతే ఆరినట్టు. అంటితే ఆ ఫ్రేముని కాస్త విసుక్కుని, టీ తాగడానికి వెళ్ళేవాడు.

ఆయన దగ్గరికి రెండు రకాల పనులు వచ్చేవి. సైకిలు మీది స్టిక్కర్లు పూర్తిగా గీకేసి రంగు వేయడం ఒకటి. వాటిని చెక్కుచెదరకుండా ఉంచి చుట్టూ రంగు వేయడం ఇంకొకటి. సైకిలు తను తిరిగిన దారులన్నీ స్టిక్కర్లలోనే దాచుకుంటుంది కాబట్టి, పాత సైకిలు కొనుక్కున్నవాళ్ళు ముందుగా గీకించేవాళ్ళు. ఒక కంపౌండరు బద్ధకించి గీకించలేదు. హ్యాండిలు కాస్త వదులు చేస్తే చాలు, ఆ సైకిలు రోజూ సాయంత్రం దాన్ని అమ్మిన పాతాయన అత్తగారింటి ముందు ఆగేది. మొదట్లో వాళ్ళు తలుపు వేసుకున్నారు. తర్వాత మొహమాటపడి కుర్చీ వేశారు. గీకించిన సైకిలుతో ఆ తంటా లేదు. చంటిపిల్లకి నడక నేర్పినట్టు దారులు మళ్ళీ నేర్పుకోవాలి, అంతే.

కుట్టుమిషనావిడ వచ్చింది రెండో రకం పనికి.

"తమ్ముడూ, కింద గొట్టం తుప్పు తినేసింది. వెల్డింగతను అతికించాడు గానీ, పైన రంగు పడకపోతే ఈ వానలకి నిలవదన్నాడు. ఎక్కడైనా వేసుకో, కొంగ జోలికి మాత్రం పోకు."

సైకిలు బారు మీద రెక్కలు చాచి ఎగురుతున్న తెల్ల కొంగ బొమ్మ. కాళ్ళు వెనక్కి చాపి, సీటు వైపు తేలిపోతున్నట్టు ఉంటుంది. అందులో ఒక కాలు అరిగిపోయి లేదు.

"ఈ కంపెనీ మూతపడి చాలా కాలమైందక్కా. ఇలాంటి బొమ్మ ఇంకోటి దొరకదు. ఆ రెండో కాలేదీ?"

"ఎగిరేదానికి కాళ్ళతో పనేముంది? అలాగే ఉండనీ."

ఆవిడ భర్త ఒకప్పుడు ఊరికి నీళ్ళు వదిలేవాడు. వీధి వీధికీ ఆ సైకిలు మీద వెళ్ళి, ఇనుప మూత ఎత్తి, వాల్వు తిప్పి వచ్చేవాడు. పనిలోంచి దిగిపోయాక ఆయన జ్ఞాపకం ఎక్కడో పగిలిన గొట్టంలా కారిపోవడం మొదలుపెట్టింది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత వీధులు పోయాయి. అయినా పొద్దున్నే సైకిలు ఎక్కేవాడు. సైకిలు ఆయన్ని వాల్వులన్నిటి దగ్గరికీ తిప్పి, మధ్యాహ్నానికి ఆవిడ గుమ్మం ముందు దింపేది. దిగి, చెమట తుడుచుకుని అడిగేవాడు.

"ఏమే, ఇంటికెప్పుడు వెళ్దాం?"

"ఇదే కదండీ మనిల్లు."

"సరేలే. మనింటికెప్పుడు అంటున్నా."

ఆవిడ మిషను తొక్కుతూనే "రేపు వెళ్దాం" అనేది. ఆ స్టిక్కరు పోతే పొద్దున వెళ్ళిన మనిషి మధ్యాహ్నం తిరిగి రాడు. ఆవిడ భయమంతా అదే.

"పోనీ బయటికి పంపకుండా కూర్చోబెట్టలేవా అక్కా?" అంతా విని అడిగాడు పెయింటరు.

"చూశాను. రోజంతా గోడలు తడుముతారు, వేరే తలుపుందేమోనని. నేనది చూడలేను."

పెయింటరు ఆ పని శ్రద్ధగా మొదలుపెట్టాడు. సబ్బునీళ్ళలో ముంచిన మెత్తటి బ్రష్షుతో కొంగని కడిగాడు. ఆరాక వార్నీషు పూశాడు. దాని మీద టేపు వేసి, రెక్కల అంచు వెంబడి బ్లేడుతో కోశాడు. బడిలో పిల్లలు దిద్దిన అక్షరం మీదే మళ్ళీ దిద్దుతారే, అలా ఊపిరి బిగబట్టి, గీత మీదనుంచి పక్కకి పోకుండా. మిగతా ఫ్రేమంతా గరుకు కాగితంతో రుద్ది, పచ్చ రంగు కొట్టాడు. రంగు పూర్తిగా ఆరకముందే టేపుని ఏటవాలుగా, మెల్లిగా లాగాడు. ఆరాక లాగితే అంచు పెచ్చులు లేస్తుంది, తొందరపడితే కారుతుంది.

కొంగ మచ్చ లేకుండా బయటపడింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

కానీ చేతిపని వాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. మెరిసే పచ్చ రంగు మధ్య ఒంటికాలి కొంగ ఆయనకి తన తప్పులాగే కనిపించింది. ఇలాంటి కొంగని చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసినవాడు. సన్నటి కుంచె తీసుకుని, రెండో కాలు అచ్చు మొదటిదానిలాగే వేసి, పైన వార్నీషు పూసేశాడు. అడగకుండా చేసిన మేలు కాబట్టి ఆవిడకి చెప్పలేదు. చూసి తనే సంతోషపడుతుందనుకున్నాడు.

ఆవిడ సంచిలోంచి గుడ్డ తీసి తుడుచుకుంటూ సైకిలు తీసుకెళ్ళింది. కొత్త రంగు మెరుపులో కాళ్ళు లెక్కపెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక దుకాణానికి వచ్చింది. వేలికి తొడుక్కున్న కుట్టు టోపీ తీయడం కూడా మరిచిపోయింది.

"ఆయన రాలేదు తమ్ముడూ. కొంగ బాగానే ఉంది కదా, మరి ఎందుకు రాలేదు?"

పెయింటరు చేతిలోని బ్రష్షు పక్కన పెట్టాడు.

"అక్కా, నేను రెండో కాలు వేశాను."

ఆవిడ రంగు డబ్బా మీద కూర్చుండిపోయింది.

"పెళ్ళయిన కొత్తలో ఆ బారు మీదే కూర్చునేదాన్ని. నా బట్టలు రాసుకుని రాసుకుని ఆ కాలు పోయింది. అది అరుగుదల కాదయ్యా, నేను ఆయన జీవితంలోకి వచ్చిన గుర్తు. నువ్వు దాన్ని నేను రాకముందుకి తీసుకెళ్ళావు."

"నేను రాకముందుకి" అన్నాక ఆవిడకే తట్టింది, సైకిలు ఎక్కడికి వెళ్ళి ఉంటుందో.

ఊరికి ఆ చివర, ఆయన తల్లి ఉండిన ఇల్లు ఇప్పుడు పాత కాగితాల గోదాము. మెట్లు మాత్రం అవే. సైకిలు గోడకి ఆనించి ఉంది. ఆయన పై మెట్టు మీద, చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. వాచ్‌మన్ తన పళ్ళెంలో సగం అన్నం ఆయనకి పెట్టాడు.

"మీవాడా అమ్మా? గోల చెయ్యొద్దంటాడు, వాళ్ళమ్మ లోపల పడుకుందట" అన్నాడు వాచ్‌మన్.

ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆయన తలెత్తి చూసి, మర్యాదగా కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు. ఆయన ముఖంలో ఆ వెతుకులాట లేదు. ఇంటికెప్పుడు వెళ్దామని అడగలేదు.

వెనకాలే పరుగున వచ్చిన పెయింటరు జేబులోంచి థిన్నరు సీసా, దూది తీశాడు.

"ఒక్క తుడుపు అక్కా. నేను వేసిందే పోతుంది, కింది బొమ్మకేమీ కాదు. రేపటినుంచి మళ్ళీ నీ గుమ్మానికే వస్తాడు."

ఆవిడ దూది వైపు చూసింది. మెట్టు మీద మనిషి వైపు చూసింది. ఇన్నాళ్ళూ "రేపు, రేపు" అని తను నెట్టుకొచ్చిన ఇల్లు ఇదే. ఆయన తనంతట తను చేరుకున్నాడు. అందులో తను మాత్రం లేదు.

"వద్దు."

"అక్కా, నిన్ను ఎప్పటికీ గుర్తు..."

"వద్దన్నాను కదా. సీసాకి మూత పెట్టు, ఆవిరైపోతుంది."

నెల తిరక్కుండానే ఆవిడ తన ఇల్లు ఖాళీ చేసి, గోదాముకి ఎదురుగా ఒక గది తీసుకుంది. మిషను కిటికీ పక్కన వేసుకుంది. వాచ్‌మన్ గోదాము ముందు గదిలో ఆయనకి మంచం వేయించాడు. ఆవిడ రెండు పూటలా అన్నం పట్టుకెళ్ళి మెట్టు మీద పెట్టి వచ్చేది. ఎదురింట్లో దిగిన కొత్తావిడ మంచిదని ఆయన వాచ్‌మన్‌తో అన్నాడట.

ఒక సాయంత్రం ఆవిడ లైటు కింద బొత్తాలు కుడుతోంది. వీధి అవతలనుంచి కాస్త మొహమాటంగా పిలుపు వినిపించింది.

"ఏవండీ."

ఆ మాటతో ఆవిడ జీవితమంతా ఆయన్ని పిలిచింది. ఆయన ఆవిడని అలా పిలవడం అదే మొదలు. పరాయి ఆడవాళ్ళని మగవాళ్ళు పిలిచేదీ ఆ మాటతోనే. సూది బట్టలోనే గుచ్చి ఉంచి, ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"చెప్పండి."

"వాన వచ్చేలా ఉంది. మీ బట్టలు బయటే ఉన్నాయి" అన్నాడు ఆయన, ఆకాశం వైపు చూపిస్తూ.