పియానో ఎందుకు వెనకబడింది?

"ఇంకొంచెం ఎడమకి. గోడకి ఆనించు. ఆఁ, ఇక వదిలేయ్."

భార్య చెప్పినట్టే పరుపును వదిలేశాడు భర్త. పరుపు గోడకి ఆనలేదు. అతనికే ఆనింది.

"దీనికంటే జ్ఞానదంతం పీకడం సుఖం" అన్నాడు కిందినుంచి. అతను పళ్ల డాక్టరు. సెలవు రోజున పరుపులు మోసే ఉద్యోగం మాత్రం పెళ్లితోపాటు వచ్చింది.

ఆమెకు శబ్దమే జీవనం. ప్రకటనలకీ, చెవులతో చదివే పుస్తకాలకీ గొంతులు రికార్డు చేసి, వాటి దుమ్ము దులిపి, మెరుగు పెట్టి ఇస్తుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది నిండలేదు. అత్తగారు మాత్రం వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ "మా కోడలు సౌండింజనీరు" అని చెప్పుకుంటుంది. ఆ బిరుదు నిలబెట్టుకోవాల్సిన రోజు ఇవాళే వచ్చిపడింది.

మామగారిని అందరూ పియానో మాస్టారంటారు. ఒక పెద్ద హోటల్లో, మెత్తటి కుర్చీల గదిలో ఏళ్ల తరబడి ఆయన జాజ్ వాయించాడు, అత్తగారు పక్కన నిలబడి పాడింది. మరమ్మతులని ఆ గది మూసేశారు. మరమ్మతులకు తుది మొదలు లేక అది అలాగే ఉండిపోయింది. ఇప్పుడు హోటలుకు కొత్త మేనేజరు వచ్చి తలుపులు తెరిచాడు. "ఒక్క పాట పంపండి. గొంతూ పియానో చాలు, నెమ్మదైన పాట అయితే మంచిది. విని శనివారం కచేరీల సంగతి చెప్తాను" అన్నాడు.

అత్తగారు ఎగిరి గంతేసింది. మాస్టారు వేళ్ల వంక చూసుకున్నాడు.

పొద్దున కాఫీ దగ్గర ఆయన ఒక మాట అన్నాడు. "ఈ పాట కుదిరిందా, సరే. కుదరలేదా, స్కూలువాళ్లు పిల్లల కోసం పియానో అడుగుతున్నారుగా, సాయంత్రం ఫోన్ చేసి తీసుకెళ్లమంటాను. నాకు రాని పని కోసం హాల్లో సగం ఎందుకు దండగ?"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయన నవ్వుతూ అన్న మాటలే చేసి చూపించే రకం. అత్తగారి చేతిలో కాఫీ గ్లాసు కాసేపు గాలిలోనే ఆగింది.

కోడలు రంగంలోకి దిగింది. పియానో హాల్లో. అత్తగారు పడకగదిలో, ప్రతిధ్వని రాకుండా, తెరిచిన బట్టల బీరువాకీ పరుపుకీ మధ్య. గదుల మధ్య తలుపు మూత. ఒకరి మాట ఒకరికి హెడ్‌ఫోన్లలోంచే. కంప్యూటరు భోజనాల బల్ల మీద.

"పక్కపక్కనే ఉండి పాడుకుంటే పోలేదా?" అంది అత్తగారు బీరువాలోంచి.

"పియానో మీ మైకులో కూడా పడిపోతుంది అత్తయ్యా. తర్వాత మీ గొంతు పెంచాలంటే పియానో కూడా పెరుగుతుంది. రెండూ విడివిడిగా ఉంటేనే నా చేతిలో ఉంటాయి."

"అంటే మమ్మల్ని విడదీసి నువ్వు కాపురం నిలబెడతావు. సరే కానీ."

చెప్పులో రాయిలా ఒక చిక్కు మిగిలింది. వంటగదిలో ఫ్రిజ్ గురకా, పక్కింటి కుక్క గొంతూ కలిసి అత్తగారి మైకులోంచి మాస్టారి హెడ్‌ఫోన్లలో దూరుతున్నాయి. దానికి కోడలి దగ్గర మందుంది. పాడే గొంతు వచ్చినప్పుడే తెరుచుకుని, ఆగగానే మూసుకునే తలుపులాంటి ఏర్పాటు. వృత్తిలో దాన్ని గేటంటారు. మాస్టారు వినే దారిలో మాత్రమే ఆ గేటు పెట్టింది, రికార్డులో కాదు. ఫ్రిజ్ గురక మాయం. ఆయన బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆమె మురిసిపోయింది.

పాట మొదలైంది.

"తొందరేముంది, కూర్చో కాసేపు..."

మాస్టారు కట్టిన పాటే. దానికి గడియారంలా కొట్టే తాళం లేదు. అత్తగారు తనకి తోచినంతసేపు ఆగుతుంది, తోచినప్పుడు అందుకుంటుంది. ఆమె అందుకున్న మొదటి అక్షరం మీదే పియానో పడాలి. ముందు కాదు, వెనక కాదు.

ఇవాళ వెనక పడుతోంది. వెంట్రుకవాసి, అంతే. కానీ నెమ్మది పాటలో ఆ వెంట్రుక తాడంత లావుగా వినిపిస్తుంది.

మళ్లీ పాడారు. మళ్లీ అంతే.

"మాస్టారూ, నేను బస్సెక్కేశాను. మీరింకా చెప్పులు వెతుక్కుంటున్నారు" అంది అత్తగారు.

"వస్తున్నానే" అన్నాడాయన.

ఇంకోసారి. ఈసారి మధ్యలో కుక్క మొరిగింది. అయినా ఆపకుండా చివరిదాకా వెళ్లారు. వెనకబడడమూ ఆగలేదు. ఆ తర్వాత అత్తగారు వేళాకోళాలు మానేసింది. ఆమె వేళాకోళం మానేసిందంటే ఇంట్లో ఎవరికో జ్వరమన్నమాట.

మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి పియానో మీద పెట్టాడు.

"నిన్నటిదాకా బాగానే వాయించారుగా మావయ్యగారూ" అంది కోడలు.

"బాగుందని ఎవరు కొలిచారమ్మా? మీ అత్తయ్య పక్కనే నిలబడి పాడుతుంది, నేను తడబడితే తనే సర్దుకుంటుంది. రికార్డు మనవాళ్లని చూసి సర్దుకోదుగా."

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. "మీరంతా భోంచేయండి. మిగతాది మిక్సింగులో నేను చూసుకుంటాను" అంది.

చూసుకుంది కూడా. ఉన్నవాటిలో అత్తగారు బాగా పాడిన చివరిదాన్ని తీసుకుని, అందులో కుక్క అరుపు కత్తిరించింది. తెర మీద పియానో గీతల్ని ఒక్కొక్కటీ పట్టుకుని, అవి పడాల్సిన అక్షరం కిందికి జరిపింది. గొంతుకి కాస్త వెచ్చదనం, పియానోకి కాస్త గది గాలి, చివరి స్వరానికి పొడుగాటి తోక. వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి పాట అద్దంలా మెరుస్తోంది.

వినిపించింది. అత్తగారు కళ్లు తుడుచుకుంది. భర్త చప్పట్లు కొట్టాడు.

మాస్టారు మొత్తం విన్నాడు. "రెండో చరణం మొదట్లో, అక్కడ పడ్డది నా చెయ్యేనా?"

"కొద్దిగా జరిపాను మావయ్యగారూ."

"ఎన్ని జరిపావు?"

కోడలు నీళ్లు నమిలింది. "దాదాపు అన్నీ."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. తల మీద చెయ్యి వేసి నిమిరాడు. "గొప్ప పనిమంతురాలివమ్మా. నన్ను ఇంతగా దిద్దితే తప్ప వినలేరని తేలింది. అదైనా తెలిసింది, మంచిదే." ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు. స్కూలు సంగీతం టీచరు క్లాసులో ఉందట. అవగానే తనే చేస్తుందట.

ఆ ఫోన్ ఎప్పుడు మోగితే అప్పుడు పియానో గడప దాటినట్టే.

"కాలు జారిన మనిషికి చెయ్యివ్వబోయి నెత్తిమీద కూర్చున్నాను" అంది కోడలు.

"నాన్నకి నిజంగానే చెయ్యి మందగించిందేమో" అన్నాడు భర్త నెమ్మదిగా. "వయసు కదా."

ఆమె మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. తను జరిపిన పనంతా రద్దు చేసి, పియానోని మాస్టారు వాయించిన చోటికి తిరిగి పంపింది. అప్పుడు చూసింది.

"ఇటు రా. పన్ను వదులైతే ఎలా కదులుతుంది?"

"ఎటు నొక్కితే అటు."

"మరి చెయ్యి వదులైతే పియానో కూడా ఒకసారి ముందు, ఒకసారి వెనక పడాలిగా. ఇది చూడు. ప్రతి లైనుకీ వెనకే. అదీ ఒక్కటే కొలత. ఇది తడబాటు కాదు. ఎవరో మావయ్యగారి చెయ్యి పట్టుకుని ఆపుతున్నారు."

పళ్ల డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. విచారణ మొదలైంది. తీగలో ఆలస్యమా? కొలిచింది. లేదు. కంప్యూటరు నత్తనడకా? లేదు. పియానో పెడలు అంటుకుందా? లేదు.

"ఇదిగో, ఈ ఒక్క లైను సరిగ్గా పడింది" అన్నాడు భర్త, తెర మీద వేలు పెట్టి. నిజమే. గీత అక్షరం కిందే ఉంది, అతికించినట్టు. ఆమె ఆ లైను మోగించింది.

"భౌ!" అంది కంప్యూటరు. వెనకే అత్తగారి గొంతు, దానితోపాటే పియానో.

"కుక్క మొరిగితే నాన్న సరిగ్గా వాయిస్తాడా? అయితే దాన్నే పిలుద్దాం, బల్ల కింద కూర్చోబెడదాం."

కోడలు నవ్వలేదు. మాస్టారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పొద్దున ఆయనకి వినిపించిన దారిలోనే, గేటుతో సహా, పాటని మళ్లీ నడిపించింది. నిశ్శబ్దం. మాట. నిశ్శబ్దం. మాట. తర్వాత కుక్క. కుక్క గొంతుకి గేటు తెరుచుకుంది. అది మూసుకునేలోపు, కుక్కకీ మాటకీ మధ్య, సన్నగా ఏదో దూరింది.

అత్తగారు ఊపిరి పీల్చుకున్న చప్పుడు.

ఆమె గేటు తీసేసింది. ఉంది. ప్రతి లైనుకి ముందూ ఉంది. పొడుగు లైనుకి పొడుగు ఊపిరి, పొట్టి లైనుకి పొట్టి ఊపిరి, గట్టిగా అందుకోబోయే చోట పదునైనది. మాస్టారు ఇన్నేళ్లూ పట్టుకుని నడిచిన వేలు అదే. ఆయనకే తెలియదు. దాన్ని ఇవాళ ఫ్రిజ్ గురకతోపాటు చీపురుతో ఊడ్చేసింది ఎవరు? ఊపిరి వినిపించక, మాట విన్నాకే ఆయన చెయ్యి కదిలింది. మాట విని కదిలితే వెనకబడక ఏమవుతుంది?

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పక్కింటి కుక్క పట్టేసింది.

"ఏంటి, అలా తేలు కుట్టినట్టు కూర్చున్నావు?" అన్నాడు భర్త.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గుట్టుగా గేటు తీసేసి "ఇంకొక్కసారి మావయ్యగారూ" అంటే సరిపోయేది, ఆయన మళ్లీ ఆ స్టూలు మీద కూర్చునే మనిషైతే. ఆయన కూర్చోడు. వీధిలో సౌండింజనీరు పరువు గుర్తొచ్చింది. దాన్ని పక్కన పెట్టి వరండాలోకి నడిచింది.

"మావయ్యగారూ, ఆలస్యం మీది కాదు. నాది." మొత్తం చెప్పింది, ఏదీ మిగల్చకుండా.

మాస్టారు ఓపిగ్గా విన్నాడు. "నా మనసు కుదుటపరచాలని భలే కథ అల్లావమ్మా."

"కథో కాదో మీ చెయ్యే చెప్తుంది. ఒక్కసారి లోపలికి రండి."

బతిమాలి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఈలోపు కంప్యూటరులో ఒక చిత్రమైన పని చేసింది. పాటలో మాటలన్నీ తీసేసింది. ఊపిరులు మాత్రం వాటి చోట్లలోనే ఉంచింది. అది ఆయన హెడ్‌ఫోన్లకీ, బయట స్పీకర్లకీ కలిపి వదిలింది. "పాట లేదు. మీకు ఎక్కడ వాయించాలనిపిస్తే అక్కడ వాయించండి."

"పాట లేకుండా ఏంటి వాయించేది?"

స్పీకర్లలో ఊపిరి వినిపించింది. మాస్టారి చేతులు తామే లేచాయి. పడ్డాయి. మళ్లీ ఊపిరి. మళ్లీ పడ్డాయి. తెర మీద, మాటలు తీసేసిన ఖాళీల్లో, గీతలు ఒక్కొక్కటీ వచ్చి సరిగ్గా మొదటి అక్షరాలు ఉండిన చోట్ల నిలబడుతున్నాయి. కోడలు తెరని ఆయన వైపు తిప్పింది. ఆయన చూస్తూనే వాయిస్తున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

చప్పుడు విని అత్తగారు పడకగదిలోంచి వచ్చింది. "ఏంటిది, ఎవరికి ఉబ్బసం?"

"మీరే అత్తయ్యా."

"నేనా? కొలిమితిత్తిలా ఇంత చప్పుడు చేస్తానా నేను? ఇన్నేళ్లూ హోటలు నిండా జనం ఇది విన్నారా?"

"వాళ్లు వినలేదే" అన్నాడు మాస్టారు, చేతులు ఆపకుండా. "నేను విన్నాను."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అందరూ దాని వంక చూశారు. మాస్టారు చూడలేదు. "నా చేతులు ఖాళీ లేవు, నువ్వు మాట్లాడు" అన్నాడు కొడుకుతో.

పళ్ల డాక్టరు ఫోనెత్తాడు. "ఆఁ, టీచరుగారూ... పియానో గురించేనండి. అది వాడకంలో ఉంది. ఎప్పటిదాకానా?" తండ్రి వైపు తిరిగాడు. మాస్టారు తలతోనే "చాలాకాలం" అన్నట్టు సైగ చేశాడు. "డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పడం లేదండి" అని పెట్టేశాడు.

మళ్లీ రికార్డు చేశారు. ఫ్రిజ్ తీగ పీకేశారు. పళ్ల డాక్టరుకి పక్కింటి కుక్కని షికారు తీసుకెళ్లే పని పడింది. అతనికంటే కుక్కే ఎక్కువ సంతోషించింది. గేటు లేదు. అత్తగారు మొదట్లో సిగ్గుపడి ఊపిరి బిగబట్టబోయింది. రెండో లైనుకే పియానో ఆగిపోయింది. "సింగరుగారూ, దయచేసి బతికుండి పాడండి" అన్నాడు మాస్టారు. ఆ తర్వాత ఇద్దరూ వెనుదిరిగి చూడలేదు.

అసలు యుద్ధం మిక్సింగులో వచ్చింది.

కోడలు మధ్యలో, ఆవిడ కుడివైపు, ఆయన ఎడమవైపు.

"ఆ ఊపిరి తగ్గించు తల్లీ. పరువు పోతోంది."

"తగ్గించకు. అదేమైనా నీ సొత్తా? అది నా తాళం."

"నా ముక్కులోంచి వచ్చింది నా సొత్తు కాదా?"

"పోనీ కాస్త పెంచమ్మా."

"పెంచితే నేను ఈ ఇంట్లో ఉండను."

కోడలు ఊపిరిని రవ్వంత తగ్గించింది. అత్తగారు గెలిచినట్టు చూసింది. మాస్టారు గుట్టుగా చెయ్యి చాపి మీట పైకి తోయబోతే అత్తగారు ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది. పాట చివరిదాకా విన్నారు. దానిలో ఏదీ జరిపినది లేదు, దిద్దినది లేదు. ఒక చోట మాస్టారు ఒక స్వరం తప్పు నొక్కాడు. "అది దిద్దనా?" అంది కోడలు.

"ఉండనీ. నాదే" అన్నాడాయన.

పాట హోటలుకి వెళ్లిపోయింది. జవాబు ఎప్పుడొస్తుందో ఎవరూ అడగలేదు. కోడలు తీగలు చుట్టబోతుంటే మాస్టారు అడ్డుపడ్డాడు.

"శనివారమంటే ఒక్క పాటతో సరిపెడతామా? ఆ మైకు అలాగే ఉంచు. సింగరుగారూ, రెండోది అందుకుంటారా?"

"కాఫీ తాగి" అంది అత్తగారు.

ఆయన అప్పటికే స్టూలు మీద కూర్చుని మొదటి స్వరాలు వెతుకుతున్నాడు.