కారు వెనక అద్దం

ఈస్టరు ముందు, మాంసం మానేసే ఉపవాసాల రోజుల్లో ప్రతి శుక్రవారం మా చర్చి హాల్లో చేపలు వేయించి అమ్ముతాం. ఊరంతా వచ్చి తిని పోతుంది. మా అక్క కొలీన్ గల్లాపెట్టె దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నేను మరిగే నూనె దగ్గర నిలబడతాను. ఎందుకలాగని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అడుగుతారని నేనూ ఎదురుచూడటం మానేశాను.

హాలు ముందు తన కారు ఎప్పుడూ నాకంటే ముందే వచ్చి ఆగి ఉంటుంది. దాని వెనక అద్దం మీద ముదురాకుపచ్చ రంగులో ‘వెల్‌మోర్ కాలేజీ’ అని స్టిక్కరు. దాన్ని చూడకుండా లోపలికి వెళ్ళిపోవాలని ప్రతిసారీ అనుకుంటాను, ప్రతిసారీ చూస్తాను. అమెరికాలోని మా ఈరీ ఊళ్ళో ఎవరి పిల్లలు ఏ కాలేజీలో ఉన్నారో నోటితో అడగక్కర్లేదు, సిగ్నల్ దగ్గర ముందు కారు అద్దం చూస్తే చాలు. వెల్‌మోర్ అని కనిపిస్తే మాత్రం వెనకున్నవాడు హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడతాడు. కనీసం నాకలా అనిపిస్తుంది.

కొలీన్ నాకంటే ఒక్క ఏడాదే పెద్ద. ఆ ఒక్క ఏడాదే నా కొంప ముంచింది. చర్చిలో మొదటి కమ్యూనియన్ వేడుకకి తెల్ల గౌను తనకి కొత్తగా కొన్నారు. మరుసటేడు అదే గౌనుకి చంక కింద చిరుగు కుట్టేసి నాకు తొడిగారు. తన జుట్టు ఒత్తు. నేను సెలూన్ పెట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళందరి తలలూ తీర్చిదిద్దుతానా, నా తల మాత్రం పిచ్చుక గూడు. అవన్నీ మింగాను. కానీ డాక్టరు కావాలన్న కోరిక నా కూతురు హెలెనాది. మూడో తరగతిలో ఉండగానే పక్కింటి కుక్క కాలికి కట్టు కట్టిన పిల్ల అది. అక్క కూతురు డెలనీ నోట ఆ మాట ఏనాడూ వినలేదు. అలాంటిది కిందటేడు వెల్‌మోర్‌లో సీటు రాగానే “మా డెలనీ డాక్టరవుతుంది” అని కొలీన్ ఊరంతా చాటింది. నా కడుపు భగ్గున మండింది. గౌను కొత్తగా వాళ్ళకే, కల కూడా ముందు వాళ్ళకేనా?

ఈ ఏడు మా హెలెనా వంతు వచ్చింది. దానికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి వెల్‌మోర్, రెండోది మా ఊళ్ళోనే ఉన్న స్టేట్ కాలేజీ. ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఆ తర్వాతే మెడికల్ కాలేజీ. ఈ నాలుగేళ్ళు తప్పు చోట గడిస్తే ఆ తలుపు ఇక తెరుచుకోదు. మే ఒకటిలోగా ఎక్కడో తేల్చి చెప్పాలి.

“ఏమే డెనీస్, మీ అమ్మాయి ఏం తేల్చుకుంది?” అని గల్లాపెట్టె దగ్గర్నుంచి కేకేసింది కొలీన్, వరసలో నిలబడ్డ అందరికీ వినపడేలా.

“ఇంకా ఆలోచిస్తోంది.”

“ఆలోచించడానికి ఏముందే తల్లీ! వెల్‌మోర్ నుంచి అప్లై చేసినవాళ్ళు నూటికి తొంభై పైన మెడికల్ కాలేజీలో చేరుతున్నారు. అయినా పాపం, అందరికీ అక్కడి చదువు పడదులే. స్టేట్ కాలేజీ అయితే ఇంటి పక్కనే. బట్టలు తెచ్చి నీచేత ఉతికించుకోవచ్చు.”

వరసలో వాళ్ళు నవ్వారు.

“మా అమ్మాయి బట్టలు అదే ఉతుక్కుంటుంది. సెలవొస్తే మూట కట్టుకుని దిగేది మీ మహారాణే కదూ?”

“సరే సరే, నీ చేప మాడుతోంది చూసుకో.”

మాడింది. ఒక పళ్ళెం నిండా మాడిపోయింది.

ఆ మంట మీదే నిర్ణయించేసుకున్నాను, మా హెలెనా వెల్‌మోర్‌కే వెళుతుందని. ఫీజులో చాలా మటుకు వాళ్ళే మాఫీ చేశారు, ఇంక అడ్డేముంది? హెలెనాకి మాత్రం తొందర లేదు. “ఒకసారి చూసొద్దాం అమ్మా” అంది. చూద్దాం పదమన్నాను.

ఏప్రిల్‌లో సీటొచ్చిన పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పిలిచి కాలేజీ తిప్పి చూపిస్తారు. చూపించేది అక్కడ చదివే పిల్లలే. మన వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ మాట్లాడుతుంటారు. మా గుంపుకి ఎవరు వచ్చారనుకున్నారు? డెలనీ! ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుని, నవ్వు మొహంతో, వెనకేముందో ఒక్కసారీ తిరిగి చూడకుండా నడిచింది. “ఇక్కడ రెండు మెట్లున్నాయి, జాగ్రత్త” అని మాకే చెప్పింది. అచ్చం తల్లే. ఆ భవనాలు, ఆ పచ్చిక, ఆ గాజు గోడల ల్యాబు చూస్తుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇదంతా ఏడాదిగా వాళ్ళది!

“డాక్టరు కావాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదు. మా దగ్గర నూటికి తొంభై మూడు మందికి మెడికల్ సీటు వస్తుంది” అంది డెలనీ.

హెలెనా చెయ్యెత్తింది. “ఆ వంద మంది ఎవరు? మొదటేడు డాక్టరవుదామని చేరినవాళ్ళా, చివరికి అప్లై చేసినవాళ్ళా?”

డెలనీ కాలు బెంచీకి తగిలి తూలింది. వెనక్కి నడవడం మొదలెట్టాక అదే మొదటిసారి. “అది… ఆఫీసులో అడిగితే చెబుతారు” అని నవ్వేసింది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

“అందరిలో పరువు తీస్తావేంటే? సీటిచ్చినవాళ్ళని పట్టుకుని లాయరులా ఆ ప్రశ్నలేంటి?” అని హెలెనా మోచెయ్యి గిల్లాను.

“అడగడానికేగా వచ్చింది?” అంది అది.

తిప్పడం అయ్యాక ఆడపిల్లలిద్దరూ మాట్లాడుకోవాలంటూ డెలనీ గదికి వెళ్ళారు. నేను కాలేజీ దుకాణంలో దూరాను. స్టిక్కర్లు గోడ నిండా ఉన్నాయి. సీటు ఖాయం చేసుకోకుండా ఎవరూ అంటించరు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ నా కారు వెనక కారులో కొలీన్ కూర్చుని ఆ అక్షరాలు చదువుతున్నట్టు కళ్ళ ముందు మెదిలింది. ఇంక ఆగలేకపోయాను. పార్కింగులోనే చొక్కా చేతితో అద్దం తుడిచి అంటించేశాను. అక్కదానికంటే ఒక సైజు పెద్దది కొన్నాను.

హెలెనా వచ్చి ముందు సీట్లో కూర్చుంది. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగితే అదే దిగి వెనక్కి వెళ్ళింది. పైపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“అమ్మా, ఇదేంటి?”

“బాగుంది కదూ?”

“నేను ఔనన్నానా?”

“అంటావు. అనక ఏం చేస్తావు?”

అది పైపు తగిలించేసి, డోరు తీసి కూర్చుంది. “నీకొకటి చెబుతాను. పెద్దమ్మతో అననని ఒట్టు వెయ్యి.”

వేశాను. వినడానికి చెవులు నిక్కబొడుచుకుని మరీ వేశాను.

“డెలనీని మెడిసిన్ దారిలోంచి తప్పించేశారు. మొదటి టర్ములో కెమిస్ట్రీలో మార్కులు తగ్గాయట. అక్కడ కాలేజీ సిఫారసు చేస్తేనే అప్లై చెయ్యాలట. కచ్చితంగా సీటు వస్తుందనుకున్నవాళ్ళకే సిఫారసు చేస్తారట. మిగతావాళ్ళని కూర్చోబెట్టి, నీకు ఇంకేదైనా బాగుంటుందేమో ఆలోచించుకోమ్మా అని మెల్లిగా చెబుతారట. తొంభై మూడు ఎలా వస్తుందో తెలిసిందా? పడిపోయేలా ఉన్నవాళ్ళని ముందే లెక్కలోంచి తీసేస్తారు. ఇంట్లో చెప్పలేక నవ్వుతూ అందరికీ కాలేజీ చూపిస్తోంది.”

అబద్ధమెందుకు, నా గుండెల్లో బాజాలు మోగాయి. మహారాణికి కెమిస్ట్రీ రాలేదు! నూటికి తొంభై పైనట! శుక్రవారం గల్లాపెట్టె ముందు నిలబడి ఏ గొంతుతో అనాలో కూడా అనుకున్నాను.

“అయితే ఇంకా మంచిది. డెలనీ వల్ల కానిది నీ వల్ల అవుతుంది. ఆ తొంభై మూడులో నువ్వుంటావు. అప్పుడు చూడాలి మా అక్క మొహం!” అన్నాను.

హెలెనా నా వైపు తిరిగింది. అంత కోపం ఆ పిల్ల కళ్ళల్లో ఎప్పుడూ చూడలేదు.

“నాకూ ఒక టర్ములో మార్కులు తగ్గొచ్చమ్మా. అక్కడ తడబడితే పక్కకి తోసేస్తారు. స్టేట్ కాలేజీలో సిఫారసు పాఠం చెప్పిన మాస్టార్లే ఇస్తారు, అప్లై చెయ్యొద్దని ఎవరూ ఆపరు. పడినా లేచే వీలుంది. పక్కనే ఆసుపత్రి ఉంది, మొదటేడు నుంచే వెళ్ళి పని చెయ్యొచ్చు. నేను రోగుల దగ్గర ఉండాలనుకుంటున్నాను. నువ్వేమో నన్ను అద్దం మీద అంటించుకోవాలనుకుంటున్నావు.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. “నీ మంచికే కదే” అన్నాను గానీ, ఆ మాట నాకే నచ్చలేదు. మర్నాడే అది స్టేట్ కాలేజీవాళ్ళకి వస్తున్నానని చెప్పేసింది. నేను మూతి ముడుచుకున్నాను. ముడుచుకోవడం తప్ప నా చేతిలో ఏముంది?

ఆ ఆదివారం సెలూన్ నుంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, వైరు వరండాలోంచి లాగి, అద్దానికి వేడి కొడుతూ బ్లేడుతో స్టిక్కరు గీకుతున్నాను. పెద్ద సైజు కొన్నందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే కొలీన్ కారు వచ్చి ఆగింది. పక్క సీట్లో డెలనీ ఉంది, వారాంతానికి ఇంటికొచ్చినట్టుంది.

“అయ్యో, పీకేస్తున్నావేంటే? అసలు అంటించావని కూడా మాకు చెప్పలేదు!” అంది కొలీన్ దిగుతూ.

“హెలెనా ఇక్కడే చదువుతుంది.”

“నేను ముందే అనలేదూ? అందరికీ పడదే. దిగులు పెట్టుకోకు. నర్సు పని మాత్రం తక్కువా?” అని నా భుజం తట్టింది. తన చెయ్యి నా భుజం మీద ఉండగానే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క ముక్క చాలు. ఇన్నేళ్ళ బాకీ ఒక్క ముక్కతో తీరిపోతుంది. ఒట్టు నాకు గుర్తుకూడా లేదు.

కారు అద్దంలోంచి డెలనీ నన్నే చూస్తోంది. నాకు తెలిసిపోయిందని దానికి అర్థమైంది. చంక కింద కుట్టేసిన గౌను తొడుక్కుని, ఎవరైనా చెయ్యెత్తమంటారేమోనని బిక్కచచ్చి నిలబడిన పిల్ల మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. సరిగ్గా అలాగే ఉంది.

“అవునులే, ఏదైతే ఏం” అన్నాను. ఆ మూడు ముక్కలు అనేసరికి నోరంతా చేదెక్కింది. మళ్ళీ అద్దం వైపు తిరిగి గీకడం మొదలుపెట్టాను.

కారు డోరు తెరుచుకున్న చప్పుడైంది. “పిన్నీ, ఆ బ్లేడు ఇలా ఇవ్వు” అంది డెలనీ.

“నీకెందుకే ఆ పని? గోళ్ళు పాడైపోతాయి, కారెక్కు” అంది కొలీన్.

“ఇది నేర్చుకుంటే తర్వాత మనది కూడా గీకొచ్చమ్మా.”

“మనది ఎందుకు?”

డెలనీ తల ఎత్తకుండా గీకుతూనే చెప్పింది. “నాకు సిఫారసు ఇవ్వరట. క్రిస్మస్‌కి ముందే చెప్పేశారు. నేను ఇక్కడికి మారిపోతాను, కెమిస్ట్రీ మళ్ళీ మొదట్నుంచి చదువుతాను. ఎవరూ నమ్మరు గానీ, నాకు నిజంగానే డాక్టర్ కావాలని ఉంది. చిన్నప్పుడు కుక్కకి కట్టు కడుతుంటే దాన్ని కదలకుండా పట్టుకున్నది నేనే. హెలెనాని అడుగు.”

ఆ సంగతి నాకిప్పటిదాకా తెలియదు.

కొలీన్ కింది పెదవి వణికింది, చేతిలో తాళాలు జారి కింద పడ్డాయి. మా అక్క మొహం అలా ఒక్కసారి చూడాలని ఎన్నేళ్ళుగా కోరుకున్నానో. ఇప్పుడు చూశాను. ఎదురింటావిడ మొక్కలకి నీళ్ళు పోయడం ఆపి మా వైపే చెవులు రిక్కించింది. నేను డ్రయ్యర్ స్పీడు పూర్తిగా పెంచి, ఆ హోరులో అక్కని నా వెనక్కి లాక్కున్నాను. తను నా వీపు మీద మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది, నేను అప్పటికే ఊడిపోయిన స్టిక్కరు చోట వేడి కొడుతూ నిలబడ్డాను.

కాసేపటికి తల ఎత్తి కళ్ళు తుడుచుకుంది. ముక్కు ఎర్రబడి, జుట్టు చెదిరి, అప్పుడు కూడా నాకంటే బాగుంది, పాపిష్టిది.