అక్క మూలుగ

అక్కగారి మతిమరుపు గురించి ఆ ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆవిడ ఇస్త్రీ కొట్టు నుంచి లావుపాటి లాయరుగారి చొక్కా బక్కపల్చటి మాస్టారి ఇంటికి వెళ్ళేది, మాస్టారి ప్యాంటు లాయరుగారికి చేరేది. ఇద్దరూ గొణుక్కుంటూనే మళ్ళీ ఆవిడకే బట్టలు వేసేవారు. అలాంటి మనిషి ఎముకల్లోని మూలుగ తీసి, రక్త క్యాన్సరుతో ఉన్న తమ్ముడికి ఎక్కిస్తున్నారంటే ఇంటిల్లిపాదీ ఊరుకుంటారా? మూలుగతో పాటు మతిమరుపు కూడా దిగిపోతుంది జాగ్రత్త అన్నారు. తమ్ముడు బస్సు డ్రైవరు. ఇకమీదట బస్సు డిపోలోనే మర్చిపోయి తానొక్కడే రూటంతా నడుస్తానేమోనని అందర్నీ నవ్వించాడు.

మూలుగ కుదురుకుంది. కణాలు పెరుగుతున్నాయని డాక్టరమ్మ చెప్పాక అక్కగారి ప్రాణం కుదుటపడింది. మాస్కూ గౌనూ తొడుక్కుని, తమ్ముణ్ణి విడిగా ఉంచిన అద్దాల గదిలోకి వెళ్ళింది.

“మూలుగ తీసినప్పుడు నొప్పి పెట్టిందా అక్కా?” అన్నాడు తమ్ముడు.

“చీమ కుట్టినట్టు కూడా లేదురా.”

అది పచ్చి అబద్ధం. తీసిన తర్వాత ఆవిడ చాలా రోజులు నడుము వంచలేకపోయింది.

కుర్చీ దగ్గరికి లాక్కునేలోగా తమ్ముడు మళ్ళీ అదే అడిగాడు. ఖాళీ పళ్ళెం తీసుకెళ్ళిన నర్సుతో, ఇంకా భోజనం పెట్టలేదేమని పేచీ పెట్టుకున్నాడు. అద్దం బయట నుంచి మరదలు పడీపడీ నవ్వింది, వదినగారి వాటా అచ్చంగా వచ్చేసిందని. ఫోన్లలో చుట్టాలందరికీ ఇదే ముచ్చట. ఎప్పుడూ ఇంతేనా అని నర్సు అడిగితే, అది మా ఇంటి జబ్బులెండి అని అక్కగారే కొట్టిపారేసింది.

మర్నాడు కూడా అదే ప్రశ్న. “నిన్ననేగా అడిగావు?” అంది అక్కగారు.

“నేనా? అడగలేదే.”

అతని మొహంలో నవ్వు లేదు. మర్చిపోవడం ఆవిడకి కొత్తా? ఎవరైనా గుర్తు చేస్తే చాలు, నాలుక్కరుచుకుంటుంది, పోయింది తిరిగొస్తుంది. తమ్ముడికి గుర్తు చేసినా తిరిగి రావడానికి లోపల ఏమీ మిగల్లేదు. డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. ఇద్దరూ వచ్చేసరికి అతను ఫిట్స్ వచ్చి మంచం మీద కొట్టుకుంటున్నాడు.

వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. హెర్పిస్ జాతి వైరసు అని డాక్టరమ్మ చెప్పింది. చిన్నప్పుడే దాదాపు అందరి ఒంట్లోనూ చేరి పడుకుని ఉంటుందట. కొత్త మూలుగకి ఇంకా బలం చాలకముందే అది లేచి మెదడు మీద పడిందట.

“నిన్ననే చెప్పి ఉంటే?” అని అడిగింది అక్కగారు. డాక్టరమ్మ కేసు కాగితం తిరగేసి కొత్త మందు రాసింది. దానికన్నా తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకి.

మందులతో ఫిట్స్ ఆగాయి. తమ్ముడు బతుకుతాడన్నారు. బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం అతను అక్క వైపు తిరిగాడు.

“నొప్పి పెట్టిందా అక్కా?”

“పెట్టిందిరా. చాలా పెట్టింది.”

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరి నాకు చెప్పలేదేమని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపు అలాగే కిటికీ వైపు చూశాడు. తర్వాత తన చేతిలో ఉన్న చెయ్యి ఎవరిదా అని తలతిప్పి, సంతోషంగా నవ్వాడు.

“అక్కా, ఎప్పుడొచ్చావు?”