వంతెన అవతల పదకొండు నెలలు

మా నాన్న పోస్ట్‌మాన్. ఇరవై రెండేళ్ళుగా తిరిగేది అవే వీధులు. తప్పు చిరునామా రాసిన కవరు చేతికొస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఇల్లు మారి చెప్పాపెట్టకుండా పోయినవాళ్ళను ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా తిడతాడు. అందుకే మా ఇంటి పైకప్పు కూలి, బాగయ్యేదాకా వంతెన అవతల రెండు గదుల్లోకి మారినప్పుడు, మూటలు విప్పకముందే అన్ని కాగితాల్లోనూ చిరునామా మార్పించేశాడు. లోకంలో ఇంకెవరూ అంత తొందరపడరు. పదకొండు నెలలకు సొంతింటికి తిరిగొచ్చాక అంతే తొందరగా మళ్ళీ మార్పించాడు.

ఆ పదకొండు నెలలే నా మెడకు చుట్టుకున్నాయి. యూనివర్సిటీలో సీటొచ్చింది. గత మూడేళ్ళూ విడవకుండా నగరంలో ఉన్నవాళ్ళకు ఒక ఫీజు, బయటివాళ్ళకు దానికి మూడింతలు. నగరం హద్దేమో సరిగ్గా ఆ వంతెన. మూడింతలు కట్టడం మా తరం కాదు. నాన్నా నేనూ యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్ళిన రోజే సాయంత్రం నాలుగింటితో గడువు అయిపోతుంది.

వరుసలో మా ముందు ఒక పెద్దమనిషి కొడుకును వెంటబెట్టుకొచ్చాడు. నగరంలో ఫ్లాటు కాగితాలు చూపించాడు. గుమస్తా తల కూడా ఎత్తకుండా 'స్థానికుడు' అని ముద్ర కొట్టాడు. ఆ ఫ్లాటుకు కొన్ననాటి నుంచీ తాళమేనని, వచ్చిన ఉత్తరాలన్నీ వెనక్కే పోతున్నాయని నాన్న నా చెవిలో గొణిగాడు. అదే గట్టిగా చెప్పమన్నాను. ఉత్తరాల సంగతి బయట మాట్లాడకూడదన్నాడు. నాకు తిక్క రేగింది.

మా వంతు వచ్చింది. నేను ఊరుకోలేదు. నాన్న ఉద్యోగం ఇక్కడ, పన్ను కట్టేది ఇక్కడ, ఒకటో తరగతి నుంచీ నా చదువంతా ఇక్కడ, పావుగంట నడకంత దూరంలో పడుకుంటే పరాయివాళ్ళం అయిపోతామా అని కడిగేశాను. వెనకున్నవాళ్ళు సణుగుతున్నా ఆపలేదు. గుమస్తా చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించి దారి చెప్పాడు. ఆ నెలల్లో కూడా మా ఉత్తరాలు పాత ఇంటికే వచ్చాయని, చిరునామా పొరపాటున మారిందని మా వీధి పోస్ట్‌మాన్ రాసిస్తే చాలట. చాలామంది అలాగే తెస్తున్నారట.

"మీ వీధి పోస్ట్‌మాన్ ఎవరో తెలుసా?" అని అడిగాడు.

"నేనే," అన్నాడు నాన్న.

గుమస్తా మొహం వెలిగిపోయింది. సొరుగులోంచి అచ్చు వేసిన కాగితం తీసి, పెన్నుతో సహా ముందుకు తోశాడు. నాన్న దాన్ని మొదటినుంచీ చివరిదాకా రెండుసార్లు చదివాడు. వద్దని నేను అనొచ్చు. అనలేదు. నాకు సీటు కావాలి. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం. నాన్న ఖాళీలు నింపాడు, తేదీ వేశాడు, సంతకం పెట్టాడు. నాలుగు కావడానికి ఇరవై నిమిషాలుండగా నేనూ స్థానికురాలినయ్యాను.

నిజం చెప్పినందుకు మూడింతలు, అబద్ధం రాసినందుకు రాయితీ! ఏం రూలండీ ఇది? ఎవడి బుర్రలో పుట్టిందో గానీ, వాడు ఒక్కపూట కూడా ఉత్తరాలు పంచి ఉండడు.

బయట మెట్ల మీద నాన్న చెయ్యి పట్టుకున్నాను. "తప్పు వాళ్ళది నాన్నా, మనది కాదు," అన్నాను.

"వాళ్ళదే," అన్నాడు. "కానీ రేపు మన వీధిలో ఎవడైనా వచ్చి ఇలాంటి సంతకమే పెట్టమంటే, నేను ఏ మొహం పెట్టుకుని కాదనను?"

ఆయన చెయ్యి విడిపించుకుని, మధ్యాహ్నం ఉత్తరాలు ఇంకా పంచాలంటూ గబగబా మెట్లు దిగిపోయాడు.